గీత దాటిన బంతి

మా బాబాయిది కళ్లజోళ్ల కొట్టు. అద్దం నడిమధ్య చుక్క పెట్టడానికి ఆయనకు స్కేలు అక్కర్లేదు, వెంట్రుకవాసి తేడా రాదు. ఆదివారాలు ఆ చూపుతోనే గోల్‌స్తంభం పక్కన నిలబడేవాడు. మా జట్టు ఆఫ్‌సైడ్‌లో గోల్ కొట్టినా ఊరుకునేవాడు కాదు, "అది చెల్లదు" అని అరిచేవాడు. అందుకు ఒకసారి మావాళ్లే ఆయన ముందుపన్ను రాలగొట్టారు. ఆ సందు చూపించి, "న్యాయం లేకపోతే బంతిని తన్నడం ఎందుకురా, గోడను తన్నుకోవచ్చు" అనేవాడు. ఆ మాట నాకు వేదవాక్కు.

మా గోల్‌కీపర్ ఎక్కడినుంచో వచ్చిన వెల్డర్. బాబాయి మేడమీది గదిలో ఉండేవాడు, పిన్ని చేతి అన్నం తినేవాడు. మా భాష వచ్చీరానట్టు మాట్లాడేవాడు. 'మా'కీ 'మన'కీ తేడా తెలియదు. "మన ఆవిడ వచ్చే నెల వస్తుంది బాబాయ్" అంటే కొట్టంతా పడీపడీ నవ్వేది. ఆవిడ కోసం ఆ గదికి ఇనుప తలుపు తనే చేసి బిగించాడు. బంతి ఆపినప్పుడల్లా మైదానమంతా "మనోడు, మనోడు" అని ఊగిపోయేది. మూడేళ్లు అలాగే గడిచాయి.

ఫైనల్లో చివరి నిమిషం. బంతి అతని చేతుల్లోంచి జారి గోల్‌గీత మీదికి దొర్లింది, వెంటనే లాక్కున్నాడు. దూరంగా ఉన్న రిఫరీ పరుగున వచ్చి అతన్నే అడిగాడు. అతను బాబాయి వైపు ఒకసారి చూశాడు.

"దాటింది" అన్నాడు.

ఓడిపోయాం. "మనోడైతే చెప్తాడా?" అన్నాడెవడో. ఆ ఒక్క మాట చాలింది. ఉమ్మారు, రాళ్లు రువ్వారు. నేనూ రువ్వాను, దాచడమెందుకు. ఒకడు బాబాయి చొక్కా పట్టుకుని, "పక్కనే ఉన్నావుగా, దాటిందా?" అని నిలదీశాడు. బాబాయి నాలుకతో పన్నుసందు తడుముకున్నాడు.

"నాకు కనపడలేదు."

మర్నాడు పొద్దున్నే వెల్డర్ కొట్టుకు వచ్చాడు. కనుబొమ్మ మీద నాలుగు కుట్లున్నాయి.

"బాబాయ్, దాటింది కదా?"

బాబాయి అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "దాటింది. అయితే?"

"నువ్వే చెప్పావు కదా, న్యాయమని."

"నేను చెప్తే న్యాయంరా. నువ్వు చెప్తే ద్రోహం. సాయంత్రానికి గది ఖాళీ చేసి తాళంచెవి మీ పిన్ని..." నాలుక కరుచుకున్నాడు. "మా ఆవిడకిచ్చి వెళ్లు. ఆ తలుపు మాత్రం ఉండనీ, గట్టిగా ఉంది."

అతను, "మీ జట్టు ఓడిపోయింది. నాకు బాధగా ఉందండీ" అని వెళ్లిపోయాడు. మూడేళ్లలో 'మన' అనకుండా 'మీ' అని సరిగ్గా పలకడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆ గదిలో నేనుంటున్నాను. గోల్‌లోనూ నేనే. మొన్న ఆదివారం ఐదు గోల్స్ వదిలేశాను, ఐదోది నా కాళ్లసందులోంచే పోయింది.

"పోన్లే, మనోడే కదా" అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది బాబాయే.