లైట్‌హౌస్‌కు తగిన మనిషి

కోస్తా నుంచి వలసొచ్చిన రైతులం రాయచూరు జిల్లాలో కాలువ కింద వేసుకున్న మా క్యాంపులో, నా పల్లపు నాలుగెకరాలకు చవుడు తేలిన ఏడాది నేను ఉద్యోగాల వేటలో పడ్డాను. కాలువ పైతట్టు వాళ్లు చేలకు ఇష్టమొచ్చినట్టు నీళ్లు పెట్టుకునేవారు. ఆ ఊటంతా దిగొచ్చి మా పొలంలో చేరేది. మూడుసార్లు నారు పోశాను, మూడుసార్లూ మాడిపోయింది. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. పెళ్లాం, ఏడాది పాప. కృష్ణా జిల్లాలో మామగారికి బియ్యం మిల్లుంది. ఉగాదిలోపు ఇక్కడ ఏదో ఒక పని దొరక్కపోతే ఇల్లరికం వెళ్లి, ఆ మిల్లులో కాటా దగ్గర కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైపోయింది. ఇల్లరికం అన్న మాట చెవిన పడితే చాలు, నాకు అన్నం సహించేది కాదు.

అదిగో, సరిగ్గా అప్పుడే రాయచూరులో ఒక మేడ మీద కొత్త ఆఫీసు తెరిచారు. మనిషి స్వభావం ఎలాంటిదో పరీక్ష పెట్టి, అతనికి ఏ పని నప్పుతుందో చెబుతారట. ఇరవై ఏడేళ్లుగా నాతోనే ఉంటున్నా నాకు తెలియని సంగతి వాళ్లు గంటలో తేల్చేస్తారంటే, వెళ్లకుండా ఎలా ఉంటాను?

బయల్దేరేముందు మా నాన్న పక్కకు పిలిచాడు. ఆయనకు ప్రపంచంలో ఉన్నవి రెండే రకాల కాగితాలు: పెళ్లి శుభలేఖలు, లెవీ కాగితాలు.

"కాగితం మీద ఏదడిగినా లేదు, కాదు అని రాయి. ఉందన్నావో, లారీ వచ్చి వాకిట్లో నిలబడుద్ది" అన్నాడు.

నవ్వకండి. సర్కారు తన ధరకు బలవంతంగా తీసుకునే లెవీ ధాన్యం కోసం అధికారులు వచ్చిన ప్రతిసారీ క్యాంపు క్యాంపంతా చెప్పిన జవాబు అదే. నిండు గాదెకు ఆనుకుని నిలబడి మరీ గింజ లేదనేవాళ్లం. అది మాకు అబద్ధంలా ఉండేది కాదు, దణ్ణం పెట్టినంత మామూలుగా ఉండేది.

ఆఫీసరుగారు మైసూరు వైపు కుర్రాడు. ప్రశ్నలన్నీ కన్నడంలో ఉన్నాయి. నాకు కన్నడం బేరాలాడే మటుకే వచ్చు, చదవడం రాదు. అందుకని అక్కడి జవాను తెలుగులో అడిగి, నా జవాబులు తనే రాశాడు. అతనిది రాయచూరు పక్కనున్న మట్మారి ఊరు.

"నలుగుర్ల కూసోని మాట్లాడుడు నీకు ఇష్టమా?"

"కాదు" అన్నాను. నోరు మూసుకుని కూర్చోమంటే జ్వరం వచ్చే మనిషిని నేను.

"పాట, ఆట, సోపతిగాళ్లు, గిట్ల ఏమన్న ఉన్నయా?"

"లేవు."

"కోపమొస్తదా?"

"రాదు."

నూరు ప్రశ్నలకూ అదే వరస. చివరికొచ్చేసరికి జవాను కలం కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. "ఏందన్నా, మనిషికి ఒక్కటన్న ఉండాలె గద" అన్నాడు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. నాకు మనుషులంటే గిట్టదట, కోరికలు లేవట, మౌనం ప్రీతి అట. ఏ దేశంలో అచ్చయిన పుస్తకమో గాని, అందులో అలాంటివాళ్లకు రాసిపెట్టిన ఉద్యోగం లైట్‌హౌస్ కాపలా. సముద్రం పక్క ఊరిని వదిలేసి, పెట్టేబేడా సర్దుకుని ఇంత దూరం వచ్చినవాణ్ణి నేను. రాయచూరు జిల్లాలో ఓడకు దారి చూపించాలంటే ముందు ఓడను ఎద్దులబండి మీద తేవాలి. మా ఆవిడ ఆ కాగితం సంగతి విని, "మీకు మౌనమా?" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆపమన్నా ఆపలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడే వెళ్లి లెవీ సంగతంతా ఆఫీసరుకు చెప్పేశాను. ఆయన పడీపడీ నవ్వాడు. మళ్లీ పరీక్ష పెడతాను, ఈసారి నిజం చెప్పమన్నాడు. సరే, చెప్పాను. తెల్లారకముందే లేవడం ఇష్టమా? ఇష్టం. చెడిపోయిన పనిని మళ్లీ మొదటినుంచీ చేయగలవా? మూడుసార్లు చేశాను. నీకు రావలసింది ఇతరులు కాజేస్తున్నారని అనుమానమా?

"అనుమానం కాదయ్యా, పైతూము వాళ్లు" అన్నాను.

"రాస్త, రాస్త. మా ఊర్లెనూ గట్లనే" అన్నాడు జవాను.

చివరి ప్రశ్న, ఏం చేస్తున్నప్పుడు నీకు ఆకలి కూడా గుర్తుండదు అని. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట నన్నెవరూ అడగలేదు. నాట్లయ్యాక పదో రోజున, నారు వేరు పట్టి పచ్చగా తిరుక్కునే వేళ గట్టు మీద నడుస్తున్నప్పుడని చెప్పాను. జవాను ఆ జవాబు రెండు వరుసలు రాశాడు. మిగతావన్నీ ఒక్క ముక్కే.

ఈసారి ఫలితం అక్కడికక్కడే లెక్కగట్టారు. ఆఫీసరు ముఖం వికసించింది. ఇంత స్పష్టంగా తేలిన మనిషి తనకు ఇంతవరకూ తగల్లేదట. తగిన వృత్తి, వ్యవసాయం. పొలం ఉందా అని అడిగాడు. నాలుగెకరాలు ఉందన్నాను. ఇంకేం కావాలి అంటూ లేచి నిలబడి చేయి కలిపాడు. ఆ పొలం పండుతుందా అన్న ప్రశ్న ఆయన పుస్తకంలో లేదు.

జవాను మెట్ల దాకా వెంట వచ్చాడు. "పైతూము నీళ్లు దిగినంక సవుడు భూమే గదన్నా నీది" అన్నాడు మెల్లగా. అప్పుడు ఏడుపొచ్చింది. పొలం పోతే పోయింది, ఇంకో పని చూసుకుంటానని అందాకా ధీమాగా ఉన్నాను. ఆ ఇంకో పని నాకు లేదని తేలింది.

ఉగాదికి ముందే మామగారి మిల్లులో కాటా దగ్గర కూర్చున్నాను. బస్తాలు తెచ్చిన ప్రతి రైతునూ పొలం ఏ తూము కింద, నారు ఎప్పుడు పోశావు, నాట్లెప్పుడు వేశావు అని అడిగేవాణ్ణి. వాళ్లు చెబుతుంటే కాటా ముల్లు చూడటం మరిచిపోయేవాణ్ణి. మామగారు లోపల్నుంచి కేకలేస్తే అప్పుడు చూసేవాణ్ణి.