నలభై ఒక్క గూళ్లు, ఒక పంచనామా

ఏప్రిల్ పదకొండున శబరి నది ఇసుకలో పిట్టలు గుడ్లు పెట్టిన నలభై ఒక్క గూళ్లను ప్రభుత్వ సిబ్బంది సమక్షంలో బుల్‌డోజర్ చదును చేసింది. కాగితంలో ఆ పనికి పెట్టిన పేరు 'ఆక్రమణ తొలగింపు'. ఆక్రమించిన వ్యక్తిగా అందులో రాసింది సోయం కోసి పేరు. ఆమెకు ఆ ఇసుకలో జానెడు చోటు సొంతం లేదు. కావాలని ఆమె ఏనాడూ అడగలేదు.

కోసికి యాభై రెండేళ్లు. తెలుగు రాష్ట్రాల సరిహద్దుకు అవతల, సుక్మా జిల్లా దక్షిణపు కొసన, రేగులపాడులో దోర్ల ఆదివాసీ రైతు ఇంటి ఇల్లాలు. వానాకాలం వరి పండిస్తుంది. శబరి సన్నబడి తిన్నెలు తేలాక, ఊరి పెద్దలు ఏటా పంచి ఇచ్చే చోట అందరితో పాటు దోస, పుచ్చ వేస్తుంది. తడి తగిలే దాకా ఇసుకలో గుంట తవ్వి, పెంట వేసి, విత్తు పెట్టి, పాదుపాదుకూ కుండతో నీళ్లు మొయ్యాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆమె పగళ్లన్నీ అక్కడే గడుస్తాయి. పసుపు ముక్కు, నల్లని నెత్తి, చీలిన తోక ఉన్న నదిపిట్టలూ తీతువులూ గుడ్లు పెట్టేది ఆ నెలల్లోనే.

వాటి గూటికి పుల్లలుండవు. అరచేయంత పల్లంలో, ఇసుక రంగులోనే మచ్చల గుడ్లు రెండో మూడో ఉంటాయి. పొదిగే పిట్ట లేస్తే తప్ప కంటికి ఆనవు. ఎండ మండే వేళ తల్లి నదిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. పన్నెండేళ్ల కిందట కోసి నెత్తిన నీళ్లకుండతో నడుస్తూ ఒక గూటిని తొక్కింది. పొద్దు వాలే దాకా ఆ తల్లి, తడిసిన పొట్టతో, అదే చోట దిగుతూ లేస్తూ ఉందట. మర్నాడు కోసి మిగిలిన గూళ్లు వెతికి, ఒక్కోదాని పక్కన వెదురు పుల్ల పాతి, దానికి గడ్డి ముడి వేసింది.

ఆ ముడికి అక్కడి అడవిలో ఒక కట్టుబాటు ఉంది. తేనెపట్టున్న చెట్టు మొదట్లోనో, పడిపోయిన దుంగ మీదో గడ్డి ముడి కనిపిస్తే, ఎవరో ముందే చూసి పెట్టుకున్నారని అర్థం. రెండోవారు ముట్టరు. ముట్టుకుంటే ఊరి ముందు జవాబు చెప్పాలి. పిట్టల కోసం ముడి వేసినవాళ్లు మాత్రం అంతకుముందు లేరు. ఊరు నవ్వింది. "ఏంది వదినా, పిట్టలకు పట్టాలిస్తున్నవా?" అన్నాడు మరిది ఉంగ. అని ఊరుకోకుండా ఒక ముడి దాటి గుడ్లు తిన్నాడు. కోసి అతన్ని పెద్దల ముందు నిలబెట్టింది. గుడ్లు తిన్నవాడు కోడి ఇవ్వాలని వాళ్లు తీర్పు చెప్పారు. మరుసటేడు ఆమెకు వెదురు పుల్లలు చెక్కి ఇచ్చింది ఉంగే. ఆ మొదటి ఏడు నాలుగు గూళ్లు, ఈ ఏడు నలభై ఒకటి. ఇందులో ఏ పథకమూ లేదు, ఏ జీతగాడూ లేడు.

ఈ ఏడు ఆ తిన్నెను ఇసుక తవ్వకానికి లీజుకిచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో అలా ఇచ్చే ముందు గ్రామసభ సిఫారసు తీసుకోవాలని చట్టం చెబుతోంది. రేగులపాడులో గ్రామసభే కూర్చోలేదు. ఏప్రిల్ తొమ్మిదిన ఒక అధికారి కొలతలకు వచ్చి, పుల్లలు చూసి, ఎవరివని హిందీలో అడిగాడు. అధికారి వెంట దుబాసీగా వచ్చిన ఉపేంద్ర ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాడు.

కోసి తప్పు చేసింది ఇక్కడే. ఆ ఊరివాళ్లు మాత్రమే చేయగల తప్పు అది. ముడి వేసినవారు అడిగినప్పుడు ఒప్పుకొని తీరాలి, దాస్తే ఆ ముడికి విలువ పోతుంది. అందుకని ఆమె ముందుకొచ్చి చెప్పింది:

"అన్నీ నేనే కట్టిన. వీటికి నేనే జవాబు. లోపల గుడ్లున్నయ్, జర సూసి నడువుమను సాబ్‌ను."

ఆమె చెప్పినదంతా హిందీలో వినిపించానని ఉపేంద్ర ఒప్పుకుంటున్నాడు. కాగితంలోకి ఎక్కింది మాత్రం ఆమె ఒప్పుకోలు ఒక్కటే. సర్కారు ఇసుకలో నలభై ఒక్క చోట్ల హద్దు గుర్తులు పాతి కబ్జా చేసినట్టు ఆమె అంగీకరించిందని పంచనామా అంటోంది. సాక్షులిద్దరూ లీజుదారు దగ్గర ట్రాక్టర్లు నడిపేవాళ్లు. రెండు పేజీలలో 'గుడ్డు' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. తనకు చదవరాని భాషలో ఉన్న ఆ కాగితం మీద కోసి వేలిముద్ర వేసింది. నోటీసు రాలేదు. రెండు రోజులకు బుల్‌డోజర్ వచ్చింది. అడ్డు నిలిస్తే జైల్లో పెడతామన్నారు. అయినా నిలిచింది. ఇద్దరు ఆమె చేతులు పట్టి పక్కకు లాగారు. ఆ పంచనామా ఆధారంగా ఆమె మీద కేసు కూడా పెట్టారు.

మిగిలిన పిట్టల జంటలు తిన్నె ఎగువ కొసన మళ్లీ గుడ్లు పెట్టాయి. మొన్న నేను వెళ్లేసరికి పదిహేడు గూళ్లు. పిల్లలు బయటికి రావడానికి మూడు వారాలు, ఎగరడానికి మరో నెల పడుతుంది. ఇసుక లారీల దారి రోజూ వాటి వైపు జరుగుతోంది. కోసి తెల్లవారినప్పటి నుంచి అక్కడే కూర్చొని కుక్కలను, బర్రెలను తోలుతోంది. కొత్త గూళ్లకు మాత్రం ముడి వేయలేదు.

"ఇంకో ముడి కడితే ఇంకో కేసు రాస్తరు గద బిడ్డా. కట్టకపోతే బర్లు తొక్కుతయ్," అంది నాతో. "సదువుకున్నదానివి, ఏది సెయ్యాల్నో నువ్వే సెప్పు."

గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వేటే అని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్వచించింది. ఆ నిర్వచనం కిందికి వచ్చే పని చేసినవాళ్లు దస్త్రం చేతబట్టుకొని కూర్చున్నారు. ఆ వేటను పన్నెండేళ్లు ఆపిన మనిషి నిందితురాలైంది. ఇది పొరపాటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడ్లున్నాయని తెలిశాక ఆలోచించుకోవడానికి వాళ్లకు రెండు రోజులు ఉన్నాయి.

పంచనామా రాసిన అధికారీ, లీజు మీద సంతకం పెట్టినవారూ, ఇది మీకే. ఆ పంచనామాను రద్దు చేయండి, కోసి మీద కేసు ఎత్తివేయండి. గ్రామసభ లేకుండా ఇచ్చిన లీజును నిలిపివేయండి. పిల్లలు ఎగిరే దాకా ఆ తిన్నెలోకి ఏ బండీ దిగరాదని ఉత్తర్వు రాసి, రేగులపాడులో తెలుగులో, వాళ్ల దోర్లీ భాషలో చదివి వినిపించండి. రేపు మొదటి లారీ ఇసుకలోకి దిగకముందే ఇది జరగాలి.