రంగు తెలియని విమానం

ధర్మపురి బస్టాండు ఎదుట గడియారాలు బాగుచేసే కన్నప్పన్ ఒకచోట కుదురుగా కూర్చోలేడు. వాచీ మూత విప్పి లేస్తాడు, టీ తాగివస్తాడు, సేలం బస్సు దిగేవాళ్లను చూసి మళ్లీ కూర్చుంటాడు. ఆరేళ్ల కింద బెంగుళూరు పాత సామాన్ల అంగట్లో కొన్న, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ విమానం పెట్టెను మాత్రం ఇంకా విప్పలేదు. శబ్దం కన్నా వేగంగా జనాన్ని మోసుకుపోయే అమెరికా విమానమట అది. పెట్టె మీది బొమ్మ వెలిసిపోయింది. అసలు విమానం ఫోటో దొరికితే సరైన రంగు వేయాలని వారంవారం పత్రికలు తిరగేసేవాడు.

1985లో ఒకనాడు వాచీ ఇవ్వడానికి వచ్చిన సైన్సు మాస్టారు గోవిందరాజు ఆ పెట్టె చూశాడు. “అసలు ఈ విమానాన్ని అమెరికావాళ్లు చేయనే లేదు కన్నప్పన్నా. డెబ్బై ఒకటిలోనే ఆ పని నిలిపేసినారు.”

“ఒక్కటి కూడానా సార్?”

“ఒక్కటీ లేదు.”

కన్నప్పన్ బస్టాండు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మధ్యాహ్నమే అంగడి మూసి, పెట్టె పట్టుకుని ఇంటికి పోయి విప్పాడు. సాయంత్రానికి రెక్కలు అతికించి, వాకిలి తలుపుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చుకున్నాడు.

“అయ్యో, విమానానికి ఆ రంగా?” అంది భార్య పంచవర్ణం.

“తప్పని చెప్పేదానికి అసలుది ఏడుంది?” అంటూ ముక్కు నుంచి తోక దాకా పూశాడు. ఆరేదాకా ఆగలేక, వేళ్లకు రంగంటుతున్నా దాన్ని ఎత్తి పట్టుకుని వీధిలోకి నడిచాడు.