వదిన చెప్పని మాట

మా వదిన ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. ఇద్దరిని కలపడం, కలిశాక లైన్లోంచి తప్పుకోవడం ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా దాదాపు అదే పని పెట్టుకుంది. చిన్న చిన్న సేవాసంస్థల వాళ్ళు రాబోయే మూడేళ్ళూ ఏం చెయ్యాలో తేల్చుకోలేక కొట్టుకుంటుంటే వెళ్ళి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ళ చేతే ప్రణాళిక రాయించి వచ్చేది. "మా ఆవిడ ఊరందరి నోళ్ళూ విప్పిస్తుంది. ఇంటికొచ్చి నా నోరు మూయిస్తుంది" అనేవాడు అన్నయ్య.

ఆవిడ పని నేను దగ్గరగా చూసింది ఒక్కసారే. చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి క్యాసెట్లలో నింపే సంస్థ ఒకటుండేది. అందులో నేనొక చదువరిని. ఒకే గది, ఒకే రికార్డరు, వీధి చప్పుడు రాకుండా గోడలకి పాత దుప్పట్లు. ఏడుగురం వంతులేసుకుని చదివేవాళ్ళం. సంస్థ పెట్టిన హెడ్మాస్టరు గారికి నవలలంటే ప్రాణం. ఏది ముందు చదవాలో ఆయన చెప్పేవారు, మేం తలూపేవాళ్ళం. నాకూ నవలలే ఇష్టం కనక నేనింకాస్త గట్టిగా ఊపేవాణ్ణి. ఈలోగా వినేవాళ్ళు ఒక్కొక్కరే జారిపోతున్నారు. ఇంకో ఏడాది ఇలాగే నడిస్తే గదికి తాళం పడడం ఖాయమని అందరికీ తెలుసు.

వదినని పిలిచేనాటికే హెడ్మాస్టరు గారు పద్నాలుగు పేజీల ప్రణాళిక టైపు చేయించి ఉంచారు. మాసపత్రిక, నాటకాలు, రెండో గది. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా చదివింది.

"బాగుందండీ. మరి నన్నెందుకు పిలిచారు?"

"అందరి చేతా ఔననిపించాలి కదమ్మా."

"చేతులెత్తించడానికైతే నేనక్కర్లేదు. దీన్ని పక్కన పెట్టి మీ బీరువా తాళాలివ్వండి."

ఏ సంస్థకి వెళ్ళినా మీటింగుకి ముందురోజు, ఎవరూ తెరవని బీరువా ఏదో కనుక్కుని తెరిపించడం ఆవిడ అలవాటు. ఇక్కడ మా క్యాసెట్లు పార్సిళ్ళు కట్టి పంపే ఆవిడని తోడు తీసుకుని పూటంతా దాని ముందే కూర్చుంది. ఏం కనబడిందని అడిగితే "దుమ్ము" అంది.

మర్నాడు కుర్చీలు గుండ్రంగా వేయించింది. తలుపు పక్క స్టూలు మీద ఒదిగి కూర్చున్న పార్సిలావిడని లేపి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. అందరికీ తలో చీటీ ఇచ్చి, మనం మానెయ్యాల్సిన పని ఒకటి రాయమంది. ఒకరు ఆలస్యంగా రావడం మానాలన్నారు. ఒకరు రికార్డింగులో దగ్గడం మానాలన్నారు. ఎదుటివాళ్ళు మానాల్సినవన్నీ మాకు కంఠతా వచ్చు. ఒక చీటీ మాత్రం ఖాళీగా ఉంది. వదిన దాన్నీ గోడకి అంటించింది.

"ఇదీ జవాబే. దీన్నిచ్చినవాళ్ళకి చెప్పాలనిపించేదాకా ఓ పది నిమిషాలు ఊరికే కూర్చుందాం."

నాలుగు నిమిషాలకే హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "టైము వృథా అవుతోందమ్మా."

"ఇంకా ఆరున్నాయండీ."

ఆ ఆరూ అయ్యాయి. ఎవరూ నోరు విప్పలేదు. "ఇంకో పది" అంది వదిన, గొంతు పెంచకుండా. ఎవరి వంకా చూడలేదు, పక్క కుర్చీ వంక అసలే చూడలేదు. అప్పుడు లేచింది పార్సిలావిడ. బీరువా తెరిచి, రెండు చేతులా పట్టినన్ని పార్సిళ్ళు తెచ్చి మా మధ్య నేలమీద పెట్టింది.

"ఇవన్నీ తిరిగొచ్చినవండీ. రెండేళ్ళ నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"చెప్పబోయానండీ. మీరు కొత్త నవల చేతిలో పెట్టి, నలభై కాపీలు పంపమ్మా అన్నారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. హెడ్మాస్టరు గారు పైనున్న కట్ట విప్పారు. న్యాయశాస్త్రం క్యాసెట్లు, వాటితో ఒక విద్యార్థి తన చెల్లెలి చేత రాయించిన చీటీ. ఆయనే పైకి చదివారు. "అయ్యా, నా పరీక్ష మార్చిలో అయిపోయింది. ఇవి జూన్‌లో అందాయి. ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని పంపుతున్నాను. చదివినవారి గొంతు బాగుంది."

ఆ గొంతు నాది. నాలుగు నెలలపాటు ఒక పెద్ద నవల చదువుతూ ఆ పుస్తకాన్ని అలమరలో కూర్చోబెట్టింది కూడా నేనే.

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?" అన్నారు హెడ్మాస్టరు గారు, చీటీ మడతపెడుతూ.

"నన్ను కాదండీ, ఆవిడనడగండి."

ఇంకా ఆశ వదులుకోనివాళ్ళు పదకొండుమంది ఉన్నారని పార్సిలావిడ చెప్పింది. ఎవరి పరీక్ష ఏ తేదీనో కాగితం చూడకుండా చెప్పింది. సాయంత్రానికి, టైపు చేసిన మొదటి పేజీ వెనక్కి తిప్పి, హెడ్మాస్టరు గారు తన గుండ్రటి అక్షరాలతో రాశారు: అడిగిన పాఠ్యపుస్తకం పరీక్షకి రెండు నెలల ముందు చేరాలి. ఏది ముందు చదవాలో పార్సిలావిడ చెబుతుంది. ఏడాదిపాటు నవలలు ఆపాలి.

"బొత్తిగా ఆపాలా? తగ్గిస్తే చాలదూ?" అన్నాను నేను.

"మానెయ్యాల్సింది రాయమన్నాను మరిదిగారూ, తగ్గించాల్సింది కాదు" అంది వదిన.

ఇంటికి నడుస్తూ అడిగాను. "నీకు నిన్ననే తెలుసుగా వదినా. పొద్దున్నే చెప్పేస్తే అందరికీ ఒక పూట కలిసొచ్చేది."

"నేను చెబితే అది నా మాటయ్యేది. సోమవారం నుంచి ఆ గదిలో నేనుండను కదా."

సోమవారం పార్సిలావిడ నా చేతిలో వాణిజ్యశాస్త్రం పెట్టింది. అప్పటికి నేను చదువుతున్న నవల రెండు వందల పన్నెండో పేజీలో ఉంది. రిబ్బను గుర్తు పెట్టి, పార్సిళ్ళు తీసేసిన అరలో దాన్ని ఉంచి, రికార్డరు ముందు కూర్చుని మొదటి పట్టిక గడి గడీ చదవడం మొదలుపెట్టాను.