దోన్ రెమీహియో మెచ్చుకుంటే

దోన్ రెమీహియో దేన్నైనా మెచ్చుకున్నాడంటే తాకకుండా వదలడు. మెక్సికోలోని మిచోవకాన్‌లో ఆయన పుట్టిన పల్లెలో అది చట్టం. పసిబిడ్డని ముద్దుగా ఉందన్నవాడు ఆ బిడ్డని తాకి తీరాలి. లేకపోతే దిష్టి కొట్టి జ్వరం వస్తుంది. పల్లెలో ఆ చట్టం పసిబిడ్డలకే. అమెరికాలో, నెబ్రాస్కాలోని మాంసం ఫ్యాక్టరీ ఊరికొచ్చిన ముప్ఫయ్యేళ్లలో ఆయన దాన్ని కుక్కలకీ, టమాటాలకీ, పక్కింటివాడి కొత్త ట్రక్కుకీ, చర్చిలో ఫాదర్ గారి బట్టతలకీ వర్తింపజేశాడు.

బట్టతల సంగతి ప్రార్థన మధ్యలో జరిగింది. పుట్టినరోజులకి ఆయన్ని పిలిచేవాళ్లు ముందుగా కేకుని ఫ్రిజ్ నెత్తిమీదికి ఎక్కించేవాళ్లు. "ఐదు వేళ్లు పడ్డాయంటే క్రీము బాగుందనే కదమ్మా," అని ఆయన నొచ్చుకునేవాడు.

కూతురు నోయెమీ మాత్రం ఆ వారం నవ్వే స్థితిలో లేదు. మంగళవారం తండ్రి గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ. ముప్ఫయ్యేళ్లు ఎదురుచూసిన రోజు. అంతదాకా ఆయన మీద పోలీసు నీడ కూడా పడకూడదని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకే శనివారం సూపర్‌మార్కెట్ గుమ్మంలోనే నోయెమీ షరతు పెట్టింది.

"నాన్నా, చేతులు జేబుల్లో."

"రెండూనా?"

"రెండూ."

"మరి ఉల్లిపాయలెలా ఏరను?"

"నేనేరతాను."

పావుగంట బుద్ధిగానే ఉన్నాడు. నోయెమీ నిమ్మకాయలు తూచి తలెత్తేసరికి మనిషి లేడు.

పాల వరుసలో ఒక తెల్లావిడ, ఆవిడ తోపుడుబండిలో ఐదు నెలల పిల్లాడు. "ఏం చెవులు! బిషప్పుగారి చెవులు!" అనేశాడు రెమీహియో స్పానిష్‌లో, చేతులు జేబుల్లోనే ఉంచుకుని. ఆవిడ బెదిరి బండి తిప్పేసింది. మెచ్చుకోవడం అయింది, తాకడం కాలేదు. ఇంకేముంది, కుడిచెయ్యి బయటికొచ్చింది. ఆవిడ సబ్బుల వరుసలోకి మళ్లితే ఈయనా మళ్లాడు. ఆవిడ పరుగందుకుంటే, చెయ్యి చాచుకుని, అరవయ్యేళ్ల మోకాళ్లతో ఈయనా అందుకున్నాడు. నోయెమీ చేరేసరికి ఆవిడ గుడ్ల అట్టలకి వీపానించి, పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని కేకలు పెడుతోంది. మేనేజరు ఫోన్లో ఉన్నాడు.

"నాన్నా, పద. ఇప్పుడే!"

"తాకందే?"

"పోలీసులొస్తున్నారు! మంగళవారం గుర్తుందా?"

"ఉంది. ఇలా వదిలేసి మాత్రం రాను."

పోలీసు రానే వచ్చాడు. గుర్తింపు కార్డు కోసం చెయ్యి చాచాడు. ముప్ఫయ్యేళ్లు గుడ్ల వరుసలో పగిలిపోయేలా ఉన్నాయి. నోయెమీ దిష్టి, జ్వరం, తాకడం అన్నీ గబగబా చెప్పింది. ఇంగ్లీషులో చెబుతుంటే అది పిచ్చివాళ్ల గోలలా ఆమెకే వినిపించింది.

పోలీసు రాయడం ఆపాడు. "అంటే బిడ్డకి జ్వరం రాకూడదని వెంటపడ్డాడా?"

"అవునండీ. మెచ్చుకున్నాడు కదా మరి."

"ఏమని మెచ్చుకున్నాడు?" అంది తెల్లావిడ, మొదటిసారి మామూలు గొంతుతో.

నోయెమీ తండ్రిని అడిగి చెప్పింది: "మీవాడివి బిషప్పుగారి చెవులట."

అందరూ పిల్లాడి చెవులు చూశారు. నిజం చెప్పాలంటే అవి చాటలే.

"ఇవి కనబడకుండా మా అత్తగారు టోపీ పంపింది," అంది ఆవిడ. "ఈ ఊరొచ్చి ఐదు వారాలైంది. వీడు బాగున్నాడన్న మొదటి మనిషి ఈయనే." పోలీసు వైపు తిరిగి, "కేసేం వద్దు," అంది. నోయెమీతో మాత్రం కటువుగానే అంది: "ఇంకోసారి ముందు అడగమనండి. ప్రాణం పోయిందనుకున్నాను."

"ముందు అడగాలట నాన్నా."

రెమీహియో టోపీ తీసి అడిగాడు. ఆవిడ పిల్లాణ్ణి కాస్త ముందుకి వంచింది. ఆయన ఒక్క వేలితో చెవి తాకాడు. పిల్లాడు ఆ వేలు పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు.

కారెక్కగానే నోయెమీ తండ్రి వైపు తిరిగింది. "ఒక మూఢనమ్మకం కోసం అంతా పణం పెడతావా?"

"నమ్మకమెవడికే? నా చూపుకంత బలముంటే మా సూపర్‌వైజరు ఈపాటికి మంచాన పడుండేవాడు. రోజూ చూస్తూనే ఉన్నాగా!"

"మరెందుకు?"

"మీ అమ్మ నిన్ను ఈ కొట్లోనే బండిలో వేసుకు తిరిగేది. ఏడాదిపాటు ఒక్కరూ ఆగి చూడలేదు. 'మన పిల్ల బాగుండదా?' అని నన్నడిగేది." గడ్డంతో కొట్టు వైపు చూపించాడు. "ఆ పిల్లాడి తల్లిని బెదరగొట్టి వదిలేసొస్తే, ఈ ఊళ్లో ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వదు. ఆ బెదురు నేనే తియ్యాలిగా."

ట్రాఫిక్ లైటు దగ్గర నోయెమీ ఆయన జేబులోంచి చెయ్యి లాగి తన చేతిలో పెట్టుకుంది.

మంగళవారం. అధికారిణి బల్ల మీద పళ్లు రాని మనవడి ఫోటో ఉంది. తండ్రి చూపు అటు పోవడం నోయెమీ చూసింది. "నాన్నా, చేతులు," అంది పళ్లు బిగించి.

చేతులు జేబుల్లోంచి కదల్లేదు. రెమీహియో గొంతు సవరించుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో, "అమ్మా, బాబు ముద్దుగా ఉన్నాడు. తాకొచ్చా? ముందు అడగాలని ఈమధ్యే తెలిసింది," అన్నాడు.

అధికారిణి కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూసింది. తర్వాత ఫోటోని బల్ల మీదుగా ఆయన వైపు జరిపింది.