డుమస్ ఇసుకలో ఇంకో సత్యనారాయణ

మొన్న ఆదివారం పొద్దున సూరత్‌లో, ఆల్థాన్‌లోని మా ఫ్లాటుకి ఒక పెళ్లి శుభలేఖ వచ్చింది. కవరుకి నాలుగు మూలలా పసుపు, మధ్యలో తెలుగులో ‘శ్రీ సత్యనారాయణ గారికి’ అని నా పేరు. తెరిస్తే లోపల, ఆహ్వానించువారు అన్నచోట కూడా సత్యనారాయణే. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని లోపలా బయటా చదివి, “ఏమండీ, మిమ్మల్ని మీరే పెళ్లికి పిలుచుకున్నారా?” అని అడిగింది. పెళ్లికూతురు లింబాయత్‌లో ఉండే ఒక పెద్దాయన మనవరాలు. ఆయన మరమగ్గాల మీద బట్ట నేసి రిటైరైన మనిషి, తెలంగాణ నుంచి వచ్చినవాడు. నాది గోదావరి వైపు. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు, ఉద్యోగాల్లో పోలిక లేదు, ఒకరి యాస ఒకరికి సగమే అర్థమవుతుంది. మా ఇద్దరికీ ఉన్నదల్లా ఒకే పేరు. ఆ పేరు వల్లే ఆయన పరిచయమయ్యాడు, అదీ ఒక సముద్రపు ఒడ్డున, ప్రాణం మీదికి వచ్చిన వేళ.

అసలు మా కాలంలో ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు సత్యనారాయణలు ఉండేవాళ్లు. మా అమ్మానాన్న వ్రతం చేసుకున్న ఏడాది తిరక్కుండా నేను పుట్టానట. ఇక పేరు గురించి ఆలోచించే శ్రమ ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. బళ్లో మాస్టారు హాజరు వేస్తూ ఆ పేరు పలికితే ముగ్గురం లేచి నిలబడేవాళ్లం. కాలేజీ హాస్టల్లో నలుగురం తేలాం. దాంతో పేరు ఎవరికీ దక్కకుండా పోయింది. ఒకడు పొడుగు, ఒకడు తెనాలి, ఒకడు ఫ్లూటు అయ్యారు. నా కళ్లజోడు పుణ్యమా అని నేను సోడాబుడ్డి అయ్యాను. ఆ రోజుల్లో నా పేరు పెట్టుకున్నవాడు ఎదురైతే నాకు చిరాకు, నా చొక్కాలాంటి చొక్కా ఇంకొకడు తొడుక్కుని వచ్చినట్టు. హజీరాలో ఉద్యోగం వచ్చి సూరత్ చేరాక ఆ బెడద తీరింది. ఇక్కడివాళ్లకి అంత పొడుగు పేరు పలికే ఓపిక లేదు. సగంమంది సత్యభాయ్ అన్నారు, సగంమంది నారాయణ్‌భాయ్ అన్నారు. వీళ్లు ఇద్దరు వేరువేరు మనుషులని మా ప్లాంటులో ఒక కొత్త ఇంజనీరు చాలాకాలం నమ్మాడు. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో అతని నమ్మకం చెడగొట్టడానికి నాకు మనసొప్పేది కాదు.

ఇది రెండేళ్ల కిందటి చలికాలం మాట. ఆదివారం సాయంత్రం మేమిద్దరం డుమస్ వెళ్లాం. సూరత్‌లో ఆదివారం సాయంత్రం పూట ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ఒంట్లో బాగాలేదా అని పక్కింటివాళ్లు అడుగుతారు. డుమస్‌లో టమాటా భజియాలు దొరుకుతాయి. చక్రాల్లా తరిగిన టమాటా ముక్కకి పచ్చటి చట్నీ పూసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. టమాటాతో బజ్జీ ఏమిటండీ చోద్యం కాకపోతే, అని మా ఆవిడ ఇరవై ఏళ్లుగా అంటూనే ఉంది, రెండో ప్లేటు చెబుతూనే ఉంది. అక్కడి సముద్రం తీరు కూడా వేరు. ఇసుక నల్లగా ఉంటుంది. ఆటు వచ్చిందంటే నీళ్లు కనుచూపు దూరం వెనక్కి పోయి, బురద నేల బయటపడుతుంది. జనం సరదాపడి దానిమీద నడుచుకుంటూ లోపలిదాకా పోతారు. పోటు మొదలైనప్పుడు మాత్రం నీళ్లు ఎదురుగా రావు. ముందు పక్కనున్న పల్లాల్లోంచి మనిషి వెనక్కి చేరతాయి. సంగతి తెలియనివాళ్లు మధ్యలో చిక్కుకుంటారు.

భజియాలు తిని చేతులు కడుక్కుంటుంటే పోలీసు చౌకీ దగ్గర ఒక పెద్దావిడ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. ఆకుపచ్చ చీర కొంగు నడుముకి బిగించి, హిందీ, తెలుగు, గుజరాతీ కలిపి ఏదో చెబుతోంది. నీళ్లు ఎక్కడిదాకా పోయాయో చూసొస్తానని వెళ్లిన భర్త గంటైనా తిరిగి రాలేదు. ఫోనేమో ఇంట్లో చార్జింగుకి పెట్టి మరిచిపోయి వచ్చాడు. పోటు మొదలైందని అప్పటికే విజిళ్లు వేసి జనాన్ని వెనక్కి రప్పిస్తున్నారు. మైకు ముందు కూర్చున్న పోలీసు “నామ్ శుఁ ఛే?” అని మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. పేరు చెబితే కదా పిలిచేది అని అతని విసుగు. ఆవిడ తల దించుకుని చీర అంచు నలుపుతోంది. నేను దగ్గరికి వెళ్లి, ఆయన పేరేమిటో నాకు చెప్పమ్మా, వాళ్లకి నేను చెబుతాను అన్నాను.

“గదెట్ల చెప్త సారూ, ఆయన నా పెనిమిటి” అంది.

నలభై ఐదేళ్ల కాపురంలో ఆ పేరు ఆవిడ నోట రాలేదు. ఇవాళ వస్తే ఆయనకి కీడు జరుగుతుందని భయం. ఇవాళ చెప్పకపోతేనే కీడు జరిగేలా ఉందమ్మా అని నేను గట్టిగా అనబోయాను. మా ఆవిడ నా మోచేయి పట్టి వెనక్కి లాగి, దేవుడి పేరేనా అక్కా అని మెల్లగా అడిగింది.

“దేవుని పేరే. కొత్తిల్లు కడితె, లగ్గమైతె, పీటల మీద కూసుండవెట్టి కథ చెప్తరు గద, రవ్వతోని ప్రసాదం జేస్తరు. గా దేవుడే” అంది ఆవిడ.

మా ఆవిడ తప్పంతా నాదే అన్నట్టు నా వైపు తిరిగి చూసింది.

పోలీసు మైకులో ఆ పేరుని నాలుగు ముక్కలు చేసి పిలిచాడు. గుర్రాల మువ్వల్లో, మొక్కజొన్న పొత్తులవాళ్ల కేకల్లో అది కలిసిపోయింది. నేను ప్యాంటు మడిచి బురదలోకి దిగాను. పెద్దవాడు కదా అని మొదట్లో “సత్యనారాయణగారూ” అని మర్యాదగానే పిలిచాను. కాసేపటికి ఆయాసం వచ్చి గారు జారిపోయింది. “సత్యనారాయణా” అని గొంతు చించుకుంటూ నల్లటి బురదలో పరుగెత్తాను. ఎవరిని వెతుకుతున్నావని ఒక గుజరాతీ పెద్దమనిషి ఆపి అడిగాడు, చెప్పాను. నీ పేరేమిటన్నాడు, అదీ చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా తన పిల్లల్ని చేయి పట్టి దగ్గరికి లాక్కున్నాడు. దూరంగా పది పదిహేను మంది చుక్కల్లా ఉన్నారు. ఒక్క చుక్కా వెనక్కి తిరగలేదు. పక్క పల్లంలో నీళ్లు మెరవడం మొదలైంది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నాకు అంత భయం వేస్తుందని అనుకోలేదు. ఆ నీళ్లలో మునగబోయేది నేనే అన్నట్టు ఇంకా గట్టిగా అరిచాను.

ఇంతలో మా ఆవిడ చేయి పట్టుకుని పెద్దావిడ అక్కడికి వచ్చింది. నా అవస్థ చూసి, “ఏం లాభం సారూ, ఆయనకు ఇనరాదు” అంది.

ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా అన్నాను, రాని గొంతుతో.

“గా పోలీసాయన పేరడిగిండు, మీరు గూడ పేరే అడిగిన్రు. చెవుల ముచ్చట ఎవ్వలడిగిన్రు?”

నిజానికి ఆవిడకి అది చెప్పాల్సిన సంగతిలా తోచలేదు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. ఒక్కో షెడ్డులో పదుల కొద్దీ సాంచాలు రాత్రింబవళ్లు దడదడలాడుతుంటాయి. వాటి మధ్య నలభై ఏళ్లు నిలబడితే ఎవరికీ చెవులు మిగలవు. వాళ్ల గల్లీలో ఆ వయసు మగవాళ్లందరూ అంతేనట. ఆవిడ కూడా అదే షెడ్డులో కండెలు చుట్టేది. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు పుల్ల. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవాళ్లు. దారం తెగితే ఒక సైగ, సేటు వస్తే ఒక సైగ, అన్నానికి రమ్మంటే ఒక సైగ. ఇప్పుడు కూడా సైగ చేస్తే చాలు, కానీ ఇంత దూరం నుంచి ఆయనకి కనబడేదెట్లా?

ఒంటె సంగతి తట్టింది మా ఆవిడకే. ఒడ్డున జనాన్ని ఒంటె ఎక్కించి తిప్పేవాడొకడు సవారీలు ముగించి ఇంటికి బయల్దేరుతున్నాడు. మా ఆవిడ గుజరాతీలో రెండు ముక్కలు చెప్పేసరికి మారుమాట్లాడకుండా ఒంటెని కూర్చోబెట్టాడు. పెద్దావిడ కొంగు దోపుకుని ఎక్కేసింది. ఒంటె లేచి నిలబడి బురదలోకి నడిచింది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, ఐదు వేళ్లు ముడిచి నోటి దగ్గరికి తెచ్చి, గుండె వైపుకి లాగింది. మళ్లీ అదే చేసింది. మళ్లీ అదే. పడమటి ఎండ పడి ఆ చేతులు ఎంత దూరానికైనా కనబడేలా ఉన్నాయి. విజిళ్లకి మిగతావాళ్లు ఒడ్డు దారి పట్టారు. చాలాసేపటికి, మిగిలిన ఒక్క చుక్క వెనక్కి తిరిగింది. చేయి పైకెత్తి గిరగిరా తిప్పింది. ఏమంటున్నాడని అడిగాను.

“కండె అయిపోయినంక వస్తడట. అన్నానికి పిలిస్తె నలభై ఏండ్ల సంది గదే జవాబు” అంది, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ వెంటనే అరచేతిని కత్తిలా అడ్డంగా రెండుసార్లు ఆడించింది. సాంచ ఆపు, ఏదో విరిగింది అని దాని అర్థమట. ఆయన ఆ సైగ చూసి చుట్టూ చూసుకున్నాడు, నీళ్లు కనిపించాయి, పరుగందుకున్నాడు. పల్లం దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తొడల దాకా వచ్చాయి. నేనూ ఒంటెవాడూ దిగి చెరో చెయ్యీ పట్టుకుని ఇవతలికి లాగాం. ఒంటె దిగగానే ఆవిడ మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది, నోటితో కాదు, చేతులతో. ఒక్క శబ్దం లేకుండా అంత ధాటిగా తిట్టడం నేనెక్కడా చూడలేదు. జనం గుమిగూడారు. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. చివర చిటికెన వేలితో ఏదో చిన్న సైగ చేస్తే ఆవిడ ఫక్కున నవ్వేసింది. అదేమిటో ఎంత అడిగినా మాకు చెప్పలేదు.

తర్వాత నలుగురం బల్ల మీద కూర్చుని టీ తాగాం. ఆవిడ నన్ను చూపించి, ఆయన్ని చూపించి, రెండు చూపుడు వేళ్లూ జత చేసింది. ఇద్దరిదీ ఒకే పేరని. ఆయన గ్లాసు కింద పెట్టి నాకు ఎదురుగా తిరిగి, నా పేరు నా నోటితోనే చెప్పమన్నాడు. సత్యనారాయణ అన్నాను. జర నిదానంగా అను అన్నాడు. అన్నాను. ఇంకోపారి అన్నాడు. ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. మూడోసారి అన్నాక గ్లాసు చేతిలోకి తీసుకుని మెల్లగా చెప్పాడు.

“మా అవ్వ పోయినంక గీ పేరు ఎవ్వల నోట్ల సూడలె తమ్మీ.”

అవ్వ అంటే వాళ్ల అమ్మ. పెళ్లాం ఆ పేరు అనదు. పిల్లలకి ఆయన బాపు, గల్లీకి తాత. షెడ్డులో మనిషికో సైగే తప్ప పేరు లేదు. ఇంటికి వస్తూ కారులో నేను నా లెక్క చూసుకున్నాను. ఇంట్లో ఏమండీ, ఆఫీసులో సగం పేరు, పాత స్నేహితులకి ఇప్పటికీ సోడాబుడ్డి. అమ్మానాన్న పోయాక నన్ను ఉత్త పేరుతో నిండుగా పిలవడానికి మిగిలింది మా అక్క ఒక్కతే. అక్క పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో సత్యనారాయణా అని నోరారా పిలవగా నేను విన్నది ఆ ఒక్క సాయంత్రమే, పిలిచిందీ నేనే.