మధ్యలో ఆగే సీడీ

గవర్నర్‌పేటలో నేను పనిచేసిన కంప్యూటర్ షాపులో మా సార్ ఓ సీడీ తయారుచేశారు. సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు వచ్చే ప్రశ్నలన్నిటికీ అదే జవాబు చెప్పుకునేది. దాన్ని మిషన్లో పెట్టి, దర్జాగా టీకి వెళ్ళేవారు.

చల్లపల్లి రొయ్యల వ్యాపారి ఒకాయన, మా దగ్గర కొన్న మిషన్లతో, బుధవారం పొద్దున్నే ఇంటర్నెట్ సెంటర్ తెరిచారు. నెట్ కలపగానే మిషన్లలో గడియారాలన్నీ వెనక్కి నడిచాయి. సార్ సీడీలో దేశం మార్చడం మరిచిపోయారు. అది అమెరికా అనే చెప్పుకుంది.

కొబ్బరికాయ ఎత్తిన వ్యాపారి ఆగిపోయి, ముహూర్తం పెట్టిన పంతులుగారి వైపు తిరిగారు. "పంతులుగారూ, ఇందులో ఇంకా మంగళవారమేనండీ!"

"బయట బుధవారమే కదండీ?"

"వ్యాపారం చేసేది లోపలండీ!"

ముహూర్తం దాటిపోతోంది. సార్ చెమటలు కక్కుతూ ఒక్కో మిషన్నీ ఇండియాకి తెచ్చారు. ఆఖరిది బుధవారమయ్యాకే కాయ పగిలింది.

ఆ తర్వాత సీడీని మళ్ళీ చేశారు. ఇక అది దేశం, భాష, టైము అడిగేచోట ఆగేది. సార్ సగం టీ వదిలేసి వచ్చి, కొన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఇండియా పెట్టేవారు. ఊళ్ళ జాబితా రాగానే, తప్పంతా తనదే అయినట్టు గొంతు తగ్గించేవారు. "బెజవాడ పేరు ఇవ్వలేదండీ ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. చెన్నై ఉన్నచోట పెడుతున్నాను, ఏమనుకోకండి."

కొన్నాళ్ళకి సార్ కొండపల్లిలో సొంత షాపు పెట్టుకున్నారు. ప్రారంభానికి వెళ్ళాను. కొత్త మిషన్లో పెట్టిన సీడీ అలవాటుగా ఆగింది. పక్కన కొన్నవాళ్ళెవరూ లేరు. సార్ భార్యవైపు తిరిగారు.

"కొండపల్లి పేరు ఇవ్వలేదు, ఏమనుకోకు."

ఆవిడ కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పేరు సంగతి తర్వాత. ముందు అందులో ఏ వారమో చూడండి!"